వేటకెళ్లే బోటుకు బైనాక్యులర్: పది వేల లోపు ఏది తీసుకోవాలి?

"బడ్జెట్‌లో హంటింగ్ బైనాక్యులర్స్" అని వెతికి చూడండి. వచ్చే లిస్టులన్నీ అమెరికా కొండల్లో జింక కోసం చెట్టు చాటున కాపు కాసేవాళ్లకు రాసినవే. ఆకుల రంగు బాడీ, సాయంత్రం మసక వెలుతురులో పనికొచ్చే పెద్ద అద్దాలు, దూరం కొలిచే లేజర్, ఇవీ వాటి గొప్పలు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అడవి జంతువునో పక్షినో వేటాడితే కేసవుతుంది. అందుకని ఆ లిస్టులు మనకెందుకులే అని వదిలేయొచ్చు.

కానీ నెల్లూరు తీరంలో వేట అనే మాటే వేరు. మైపాడులోనో తుమ్మలపెంటలోనో ఒక ఇంటి ముందు నిలబడి "మీ నాయన ఏడి?" అని అడిగితే "వేటకి పోయినాడు" అంటారు. అంటే సముద్రం మీదకి పోయాడని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి, దాన్ని "వేట నిషేధం" అంటారు. ఈ వేటకెళ్లేవాళ్లు కూడా బైనాక్యులర్ కొంటారు. వాళ్లకు సరిపోయేది ఏదో చెప్పే రివ్యూ మాత్రం తెలుగులో నాకు కనపడలేదు. ఫోన్ల గురించి రాస్తుంటానని తెలిసి మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఇదే అడిగారు. అందుకే ఈ ఆర్టికల్.

డబ్బు సంగతి ముందు మాట్లాడుకుందాం. నిషేధం రెండు నెలలకు రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి 2025 నుంచి రూ. 20 వేలు. పది వేల బైనాక్యులర్ అంటే అందులో సగం. ఫోన్ నచ్చకపోతే ఏడాది తర్వాత ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయొచ్చు. పనికిరాని బైనాక్యులర్‌ను ఎవరూ ఎక్స్‌ఛేంజ్ తీసుకోరు. అది అటక మీదకి పోతుంది.

బోటులో దానితో పనేంటి?

ఇది తేలకుండా స్పెక్స్ చూసి లాభం లేదు. ముప్పై అడుగుల ఫైబర్ బోటు, నలుగురైదుగురు మనుషులు, బయట బిగించిన ఇంజిను. జీపీఎస్ ఎలాగూ ఉంటుంది. చేపలు ఎటువైపు ఉండొచ్చో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ శాటిలైట్ సమాచారం చూసి చెబుతుంది, అది ఫోన్‌కే వస్తుంది. ఇవన్నీ ఉన్నా కంటితో చూడాల్సిన పనులు కొన్ని మిగులుతాయి. రాత్రి వేసిన వలకు కట్టిన జెండా తెల్లారేసరికి ఎటు కొట్టుకుపోయిందో చూడాలి. నీళ్ల మీద పక్షులు గుంపుగా తిరుగుతూ ముక్కు కిందకి పెట్టి దూకుతున్నాయంటే కింద చిన్న చేపల గుంపు ఉన్నట్టు. ఆ పక్షుల్ని రెండు కిలోమీటర్ల దూరంలోనే పట్టుకోగలగాలి. ఇంజిను ఆగిపోతే దగ్గర్లో మనవాళ్ల బోటు ఏదో గుర్తుపట్టాలి. చీకట్లో ఎదురొచ్చే పెద్ద ఓడ మనవైపు వస్తోందా, పక్కనుంచి పోతోందా తెలియాలి.

ఇంకోటి ఉంది. అసలు నన్ను బైనాక్యులర్ గురించి అడిగిన కారణం అదే. తమిళనాడు వైపు నుంచి వచ్చే పెద్ద మరబోట్లు మన చిన్న బోట్ల వలల మీదుగా పోతున్నాయని, వలలు తెగుతున్నాయని నెల్లూరు మత్స్యకారులు ఏళ్లుగా చెబుతున్నారు. తీరానికి దగ్గరి సముద్రం చిన్న పడవలకే అని రాష్ట్రంలో 1994 నుంచి చట్టం ఉంది. కంప్లయింట్ ఇస్తే మొదటి ప్రశ్న "బోటు నంబరెంత?" అని. నంబరు చదవలేకపోతే కంప్లయింట్ అక్కడితో ఆగిపోతుంది. వల తెగితే వేలల్లో నష్టం. కాబట్టి పోయే బోటు మీద అక్షరాలు చదవగలగడం అనేది మామా వాళ్లకు సరదా ఫీచర్ కాదు.

20× అని రాసుంటే వదిలేయండి

ఆన్‌లైన్‌లో రెండు వేలకు, మూడు వేలకు దొరికే వాటి మీద 20×50 అని, 30×60 అని, కొన్నిటి మీద 180×100 అని కూడా రాసి ఉంటుంది. ముందు అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తే అంత మంచిది కదా అనిపిస్తుంది.

మీ ఫోన్‌లో 30× జూమ్ పెట్టి, వెళ్తున్న బైక్ వెనక సీట్లో కూర్చుని దూరంగా ఉన్న బోర్డు చదవడానికి ట్రై చేయండి. ఫోన్‌లో అయినా స్టెబిలైజేషన్ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ కాస్త సర్దుతుంది. మామూలు బైనాక్యులర్‌లో అదేమీ ఉండదు. చెయ్యి ఎంత కదిలితే చూసే బొమ్మ అన్ని రెట్లు కదులుతుంది. నేల మీద నిలబడి చేత్తో పట్టుకుంటే చాలామందికి 10× దాకా ఫర్వాలేదు. ఊగే బోటులో 7× లేదా 8×. అంతే. ఓడల మీద పనిచేసేవాళ్లు దశాబ్దాలుగా 7×50 వాడటానికి కారణం ఇదే. వాళ్లకు డబ్బు లేక కాదు.

మైపాడు దగ్గర మా మామ వరసయ్యే ఒకాయన బోటులో నేను రెండు జతలు పట్టుకెళ్లి ఆయన చేతికిచ్చాను. ఒకటి 20×50, ఇంకొకటి 8×42. ఇరవైది కళ్లకు పెట్టుకుని అర నిమిషం చూసి దించేశాడు. "దగ్గరికైతే వస్తా ఉండాది గానీ అబ్బయా, నిలవటంలా. నాకు దగ్గరగా కనపడబళ్లా, ఆగి కనపడాల" అన్నాడు. నేను రాసే పేరాగ్రాఫంతా ఆ ముక్కలోనే ఉంది.

స్టెబిలైజేషన్ ఉన్న బైనాక్యులర్లు లేకపోలేదు. కెనాన్ లాంటి కంపెనీలు చేస్తాయి. కానీ వాటి ధర మన బడ్జెట్‌కు ఎన్నో రెట్లు, పైగా బ్యాటరీ ఒకటి.

ఇంకొక లెక్క చెప్తాను, కొంచెం ఇంజనీరింగ్. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి సముద్రం మీద మనకు కనపడే అంచుకు ఒక హద్దు ఉంటుంది. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఫైబర్ బోటులో నిలబడితే కన్ను నీటికి దాదాపు 2 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే అంచు సుమారు 5 కిలోమీటర్లు. ఎత్తైన ఓడ, లైట్‌హౌస్ లాంటివి అంతకంటే దూరం నుంచే పైభాగం కనపడతాయి. నీటి మట్టానికి ఉండే వల జెండా, పక్షుల గుంపు, చిన్న బోటు మాత్రం ఆ ఐదారు కిలోమీటర్ల లోపే. "25 కిలోమీటర్ల దూరం చూడొచ్చు" అని ప్యాకెట్ మీద రాసినవాడు ఏ బోటూ ఎక్కి ఉండడు.

మరి నంబరు చదవడం? మంచి చూపున్న మనిషి కిలోమీటర్ దూరంలో ఏ సాయం లేకుండా చదవాలంటే అక్షరం దాదాపు 1.45 మీటర్ల ఎత్తుండాలి. కళ్ల డాక్టర్ దగ్గర 6/6 లైనుకి వాడే లెక్కే ఇది. 7×తో అయితే 21 సెంటీమీటర్ల అక్షరం చాలు, 10×తో 15 సెంటీమీటర్లు. ఇది అద్దం మంచిదై, చెయ్యి స్థిరంగా ఉంటే. బోటు ఊగుతుంటే అందులో సగం దూరమే నమ్ముకోండి. అంటే జానెడు అక్షరాలున్న నంబరు మీకు అర కిలోమీటరు దగ్గర అందాలి. 20×లో బొమ్మ పెద్దదే అవుతుంది, కానీ అక్షరం సాగిన గీతలా కనపడుతుంది.

రెండో అంకె ఎందుకు?

రెండో అంకెను మొదటి అంకెతో భాగించండి. 7×50 అయితే 7.1, 8×42 అయితే 5.25, 10×42 అయితే 4.2, 20×50 అయితే 2.5. దీన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. బైనాక్యులర్ వెనక నుంచి బయటకొచ్చే వెలుగు చుక్క వెడల్పు, మిల్లీమీటర్లలో. మన కంటిపాప పట్టపగలు రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది. చీకట్లో కుర్రాళ్లకు ఏడు దాకా వెళ్తుంది. యాభై దాటినవాళ్లకు చాలావరకు ఐదు దగ్గరే ఆగిపోతుంది.

పగటిపూట 2.5 కూడా సరిపోతుందిగా అని మీరు అనొచ్చు. ఒడ్డున అయితే సరిపోతుంది. బోటులో తల ఒకవైపు, చెయ్యి ఒకవైపు ఊగుతుంటే కన్ను ఆ చిన్న చుక్క మీద నిలవదు. కాస్త పక్కకు జరిగితే చాలు, చుట్టూ నల్లగా అయిపోతుంది. చుక్క పెద్దదైతే కన్ను కొంచెం అటూ ఇటూ అయినా బొమ్మ పోదు. 7×50 చీకటి కోసమే అనుకుంటారు. నా లెక్కలో దాని అసలు లాభం పగలు కూడా ఉంది. తెల్లవారుజాము మూడు గంటలకు బయల్దేరే బోటులో రెండు రకాలుగానూ పనికొస్తుంది.

కొన్నిటి మీద "10-30×50 జూమ్" అని ఉంటుంది. ఫోన్ చూసిన కళ్లకు జూమ్ అంటే ఆశ. ఈ ధరలో జూమ్ బైనాక్యులర్ కొనకండి. లోపల కదిలే అద్దాలు ఎక్కువ, రెండు గొట్టాలూ ఒకేలా జూమ్ అవడం కష్టం, చూపు ఇరుకు. దీని మీద ఇంతకంటే చర్చ అక్కర్లేదు.

నీళ్లు, ఉప్పు

వాటర్ రెసిస్టెంట్ అంటే తుంపర పడితే ఫర్వాలేదని. వాటర్‌ప్రూఫ్ అంటే మునిగినా లోపలికి పోదని. ఫోన్‌లో ఐపీ రేటింగ్ చూసినట్టే ఇక్కడా చూడండి. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో 30 నిమిషాలు. ఆ టెస్టు మంచినీళ్లతో చేస్తారు, ఉప్పునీళ్లతో కాదు. అందుకే ఒడ్డుకొచ్చాక మంచినీళ్లతో కడగడం మన పని.

"నైట్రోజన్ ఫిల్డ్" అని రాసి ఉంటే మంచిది. లోపల మామూలు గాలి ఉంటే అందులోని తేమ వాతావరణం చల్లబడినప్పుడు అద్దం లోపలివైపు ఆవిరిలా పడుతుంది. బట్టతో తుడవడానికి వీలుండదు. మన తీరంలో ఆ తేమ ఊరికే పోదు కూడా. కొన్నాళ్లకు అద్దం లోపల సాలెగూడులా బూజు పడుతుంది. సీల్ లేని బైనాక్యులర్ ఎంత మంచిదైనా బోటులో రెండు సీజన్లు బతకడం కష్టం.

ఇక్కడే బడ్జెట్ చిక్కు వస్తుంది. లోపలి గాజు పట్టకాలను బట్టి బైనాక్యులర్లు రెండు రకాలు. గొట్టాలు మెట్టులా వంపు తిరిగి ఉంటే పోరో. నిటారుగా ఉంటే రూఫ్. తక్కువ ధరలో పోరో అద్దం నాణ్యత బాగుంటుంది, ఎందుకంటే తయారీ తేలిక. రూఫ్‌లో అంతే స్పష్టత రావాలంటే పట్టకం మీద ఫేజ్ కోటింగ్ లాంటి అదనపు పని కావాలి, దానికి ఖర్చు. కానీ తక్కువ ధర పోరోలు సాధారణంగా వాటర్‌ప్రూఫ్ కావు. ఫోకస్ తిప్పినప్పుడు వెనక భాగం బయటకూ లోపలికీ కదులుతుంది, ఆ సందు నుంచి తేమ పోతుంది. వాటర్‌ప్రూఫ్ పోరో కావాలంటే ఓడల కోసం చేసే 7×50లు ఉన్నాయి, అవి మన బడ్జెట్ దాటిపోతాయి.

అద్దం పూత గురించి ఒక్క మాట. "ఫుల్లీ మల్టీ కోటెడ్" అంటే గాలి తగిలే ప్రతి అద్దం ముఖానికీ ఒకటికి మించిన పొరలు వేశారని. ఉత్త "కోటెడ్" అంటే ఎక్కడో ఒకచోట ఒక పొర వేశారని. పట్టకం గాజు బీఏకే-4 అయితే మేలు, బీకే7 అయితే అంచుల్లో వెలుగు తగ్గుతుంది. ముందు అద్దం ఎర్రగా అద్దాల గాజులా మెరుస్తుంటే మాత్రం ఆశపడకండి. ఆ పూత ఎరుపు వెలుగును బయటకే తిప్పికొడుతుంది, మీకు కనపడేదంతా పచ్చగా ఉంటుంది. ఎర్ర జెండా కట్టిన వలను వెతకడానికి ఎరుపును ఆపేసే అద్దం కొనడమంటే ఎలా ఉంటుందో చూడండి.

మరి ఏది కొనాలి?

ధరలు వారానికోసారి మారుతుంటాయి. ఆర్డర్ పెట్టే రోజు రెండు మూడు చోట్ల చూసుకోండి. నేను బడ్జెట్ మెట్లు మాత్రం చెప్తాను.

పైన చెప్పిన సముద్రం పనికి పుట్టినవి సెలెస్ట్రాన్ ఓషియానా 7×50, నికాన్ ఓషన్‌ప్రో 7×50, బుష్నెల్ మెరీన్ 7×50 లాంటివి. వాటర్‌ప్రూఫ్, దృఢంగా ఉంటాయి. లోపల దిక్సూచి ఉన్న మోడళ్లూ ఉన్నాయి. పది వేలలో రావు. మరబోటు ఓనరైతే ఆలోచించవచ్చు. ఫైబర్ బోటు వాళ్లు నలుగురు కలిసి ఒకటి కొన్నా తప్పులేదు, ఎందుకంటే బోటుకి ఒకటే చాలు.

పది వేల చుట్టూ ఉంటే నా ఓటు వాటర్‌ప్రూఫ్ 8×42 రూఫ్‌కి. సెలెస్ట్రాన్ అవుట్‌ల్యాండ్ ఎక్స్ 8×42 ఈ వర్గంలో ముందు చూడాల్సింది. ఇంకొంచెం పెట్టగలిగితే నికాన్ ప్రోస్టాఫ్ పీ3 8×42, లేదా సెలెస్ట్రాన్ నేచర్ డీఎక్స్ 8×42. నేచర్ డీఎక్స్‌లో ఫేజ్ కోటింగ్ ఉంది, అక్షరాల అంచులు చదవడంలో ఆ తేడా తెలుస్తుంది. పీ3 బరువు 565 గ్రాములే, కళ్లజోడు పెట్టుకున్నవాళ్లకు కూడా చూపు పూర్తిగా అందుతుంది. కళ్లజోడు వాళ్లు ఏ మోడల్ తీసుకున్నా ఐ రిలీఫ్ అనే అంకె 15 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి.

ఇదే మోడళ్లలో 10×42 కూడా ఉంటుంది, ధర తేడా కొద్దిగానే. షాపువాళ్లు అదే ఇవ్వజూస్తారు. బోటుకి వద్దు. ఒడ్డు మీద నుంచే చూసేవాళ్లు తీసుకోవచ్చు.

ఐదారు వేలే ఉన్నాయంటే? నికాన్ అక్యులాన్ ఏ211 8×42, ఒలింపస్ 8×40 లాంటి పోరోలు ఆ పై అంచులో, ఆఫర్లలో దొరుకుతాయి. చూపు వెడల్పు బాగుంటుంది. అక్యులాన్‌లో 8 డిగ్రీలు, అంటే కిలోమీటర్ దూరంలో 140 మీటర్ల మేర ఒకేసారి కనపడుతుంది. పక్షుల గుంపును వెతకడానికి ఇది చాలా పెద్ద సాయం. కానీ ఇవి వాటర్‌ప్రూఫ్ కావు. బోటులో వాడితే జిప్ ఉన్న మందం ప్లాస్టిక్ కవరులో సిలికా జెల్ వేసి ఉంచి, చూసేటప్పుడే తీయాలి. తడిచేతుల మధ్య అది ఎన్నాళ్లు సాగుతుందో మీకే తెలుసు. నా అభిప్రాయం, ఇంకో సీజన్ ఆగి వాటర్‌ప్రూఫ్‌కి వెళ్లడం మేలు.

రెండు మూడు వేలే అంటే ఆ డబ్బుతో అసలు కొనొద్దు. ఒక మంచి వాటర్‌ప్రూఫ్ టార్చి తీసుకోండి.

పార్సిల్ వచ్చిన రోజే

రిటర్న్ గడువు ఏడు రోజులో పదో ఉంటుంది. ఆ లోపల చేయాల్సినవి చెప్తాను, అన్నిటికీ కలిపి పావుగంట పట్టదు.

స్కేలు తీసుకుని ముందు అద్దం వెడల్పు కొలవండి. 50 అని రాసి 35 వచ్చిందంటే మిగతాదేదీ చూడక్కర్లేదు, వెనక్కి పంపండి. తర్వాత చెయ్యి చాచి పట్టుకుని ఆకాశం వైపు తిప్పి వెనక అద్దాల్లో వెలుగు చుక్క చూడండి. గుండ్రంగా ఉంటే మంచిది. నాలుగు వైపులా కోసినట్టు చతురస్రంగా ఉంటే చౌక పట్టకం. చీకటి గదిలో ముందు అద్దంలోకి ఫోన్ టార్చి వేసి ప్రతిబింబాలు చూడండి. లేత పచ్చగా, ఊదాగా ఉంటే అక్కడ పూత ఉంది. ట్యూబ్‌లైట్‌లా తెల్లగా మెరిస్తే ఆ ముఖానికి పూత లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన టెస్టు ఇంకొకటి. దూరంగా ఉన్న కరెంటు తీగనో మేడ పిట్టగోడ అంచునో చూస్తూ బైనాక్యులర్‌ను కళ్ల నుంచి నెమ్మదిగా జానెడు దూరం జరపండి. రెండు వలయాల్లోనూ ఆ గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదాంట్లో పైకి, ఒకదాంట్లో కిందకి ఉంటే రెండు గొట్టాలూ వేర్వేరు దిక్కులు చూస్తున్నట్టు. మొదటి నిమిషం మెదడు దాన్ని సర్దుకుంటుంది, తెలియదు. అరగంట వాడితే తల నొప్పి పుడుతుంది. సముద్రం మీద అది వాంతి దాకా పోతుంది. చౌక వాటిల్లో నేను ఎక్కువగా చూసిన లోపం ఇదే. ఒకే ఆన్‌లైన్ షాపు నుంచి ఒకే మోడల్ రెండుసార్లు తెప్పిస్తే రెండూ ఇలాగే వచ్చాయి.

వాటర్‌ప్రూఫ్, ఐపీఎక్స్7 అని కంపెనీయే రాసి ఇచ్చిందనుకోండి, నేనైతే బకెట్ మంచినీళ్లలో పది నిమిషాలు ముంచి చూస్తాను. బుడగలు వస్తే అదే రోజు వెనక్కి. సముద్రంలో తెలుసుకోవడం కంటే బాత్రూంలో తెలుసుకోవడం మేలు కదా.

పులికాట్ వైపు వెళ్లేవాళ్లకు

ఫ్లెమింగోల కోసం కొనాలనుకునేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు. సూళ్లూరుపేటలో 2025 జనవరి 18 నుంచి 20 దాకా ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగినప్పటి నుంచి ఆ ప్రశ్నలు పెరిగాయి. మీకూ అదే 8×42. ఎర్ర పూత అద్దాలు మీకు ఇంకా చేటు, రాజహంస రెక్కల గులాబీ రంగే పోతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలో పడమర నుంచి తూర్పుకి పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపు చూస్తే వెలుగు మీ వెనక నుంచి పడుతుంది, రంగులు బాగుంటాయి. ఎండ ముదిరాక నీటి మీద గాలి ఆవిరిలా వణుకుతుంది. అప్పుడు ఎన్ని రెట్ల అద్దం పెట్టినా ఆ వణుకే పెద్దగా కనపడుతుంది. పొద్దున తొమ్మిదిలోపు చూసేయండి.

పక్షి సరిగ్గా కనపడట్లేదని బురదలోకి దిగి దగ్గరికి పోవద్దు. గుంపు లేచిపోతుంది. నేలపట్టులో గూడబాతులు గూళ్ల మీద ఉండే నెలల్లో అయితే అది ఇంకా ఘోరం. తల్లి లేచిపోతే గుడ్లకూ పిల్లలకూ ఎండ, కాకులు. షార్ గేటు పరిసరాల్లో బైనాక్యులర్ బయటకు తీయకండి, సెక్యూరిటీ వాళ్లతో మాట పడాలి.

వాడేటప్పుడు

బోటులో కూర్చుని మోచేతులు డొక్కలకు ఆనించి చూడండి. నడుం నుంచి పై భాగం అలతో పాటు ఊగనివ్వాలి, బిగపట్టకూడదు. మామ అయితే టోపీ అంచునూ బైనాక్యులర్‌నూ కలిపి పట్టుకుంటాడు, నేను ట్రై చేశాను, నిజంగానే వణుకు తగ్గింది.

కుడివైపు ఐపీస్ మీద చిన్న రింగు ఉంటుంది, మన రెండు కళ్ల తేడాను సర్దడానికి. ముందు కుడి అద్దం మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి ఫోకస్ చేయండి, తర్వాత ఎడమది మూసి ఈ రింగుతో కుడి కంటికి చేయండి. బోటులో నలుగురు వాడతారు, నలుగురి కళ్లూ వేరు. ఎవరి చోటు దగ్గర వాళ్లకు ఒక్కో రంగు నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు. 7×50లలో కొన్నిటికి మధ్య చక్రం ఉండదు, ఒక్కో కంటికి విడిగా ఒకసారి సెట్ చేస్తే కాస్త దూరం నుంచి ఆపైనంతా స్పష్టంగానే ఉంటుంది. అది లోపం కాదు, సముద్రానికి సౌకర్యం.

సూర్యుడి వైపు తిప్పకండి. తెల్లవారే పొద్దు నీళ్లలోంచి లేస్తుంటే చూడాలనిపిస్తుంది, కానీ లెన్స్ ఏడు రెట్లు దగ్గరకు తెచ్చిన ఎండ రెటీనాను కాల్చేస్తుంది, నొప్పి కూడా తెలియదు.

మెడ తాడు తీసేసి నీటి మీద తేలే స్ట్రాప్ వేయండి, ఎర్రదో నారింజదో. వాటర్‌ప్రూఫ్ అయినంత మాత్రాన తేలదు, రూఫ్ బైనాక్యులర్ రాయిలా మునుగుతుంది. ఒడ్డుకు రాగానే అద్దాన్ని పంచె కొంగుతో తుడవొద్దు. ఆరిన ఉప్పు, ఇసుక సన్నని ఆకురాయిలా పని చేసి పూతను గీకేస్తాయి. వాటర్‌ప్రూఫ్ అయితే కుళాయి కింద సన్నటి ధారలో కడిగి, నీళ్లు దులిపి, నీడలో ఆరనిచ్చి, అప్పుడు కళ్లజోడు బట్టతో తుడవండి. వేట నిషేధం రెండు నెలలూ తోలు సంచిలో పెట్టి అల్మరాలో పడేయకుండా, మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి ఉంచండి. ప్యాకెట్లను నెలకోసారి ఎండలో పెట్టి మళ్లీ వేసుకోవచ్చు.